ఎడమచేతి కొలత

కోడంబాకం, మద్రాసు
12 జూన్ 1966

అక్కయ్యకు పానకాలు నమస్కారాలు.

నువ్వు పంపిన గోంగూర పచ్చడి జాడీ పగలకుండా చేరింది. గదిలో నాతో ఉండే ఫ్లూటాయన కళ్లనీళ్లు తుడుచుకుంటూనే రెండోసారి వేసుకున్నాడు. గుంటూరు కారం ఆయనకి కొత్త.

ఈ ఉత్తరం అసలు బావగారి కోసం. ఆయనకే రాసే ధైర్యం లేక నీకు రాస్తున్నాను. పదకొండేళ్ల కిందట ఆయన నా కోసం స్వయంగా మగ్గం చేసి, గుంట తవ్వించి, పడుగు కూడా ఎక్కించి పెడితే, దాని మీద కూర్చుని నెల తిరక్కుండానే నేను మద్రాసు రైలెక్కాను. అది ఆయన మరిచిపోయి ఉండరు. అయినా అడుగుతున్నాను.

సినిమా పాటల రికార్డింగుల్లో నేను వాయించేది డబుల్ బేస్ అని నీకు తెలుసు కదా. మనిషికన్నా ఎత్తుండే వాద్యం, నిలబడి వాయించాలి. ఇప్పుడు హోటలు బ్యాండ్లలో బేస్ గిటారని కొత్తది వచ్చింది. మెడలో తగిలించుకునేంతే ఉంటుంది. నాలుగు తీగలు, కరెంటుతో పలుకుతుంది. మన దేశంలో దొరకదు. ఒక గోవా ఆయన దగ్గరున్నదాన్ని కొలుచుకుని బొమ్మ గీశాను, ఇందులో పెట్టాను. ఆయనదానికి తీగ పొడవు ముప్ఫైనాలుగు అంగుళాలు. నాకు ముప్ఫై చాలు. వాద్యానికి ఎడమచేత్తో పట్టుకునే మెడ సన్నగా ఉండాలి. చిన్నదైతే మోసుకు తిరగడం తేలిక.

చెక్కపని బావగారు చేసి పెడితే మిగతావి నేను చూసుకుంటాను. ఆయన కోప్పడితే ఆ కాగితం పొయ్యిలో పెట్టెయ్.

నీ తమ్ముడు
పానకాలు

*

జాండ్రపేట, చీరాల
24 జూన్ 1966

ఒరేయ్ పానకాలూ, నీకు నూరేళ్లు.

మేం బాగానే ఉన్నాం. మబ్బు పట్టడమే గాని చినుకు లేదు. గంజి పెట్టిన పడుగు మాత్రం హాయిగా ఆరుతోంది, కాబట్టి ఈ వీధిలో ఎవరూ వాన కోసం దణ్ణాలు పెట్టట్లేదు.

నీ బొమ్మ మీ బావ ముందు పరిచాను. చాలాసేపు చూశాడు. మడిచి వాసంలో దోపి పనికి వెళ్లిపోయాడు. నాకు భయం వేసిందిరా. హోటళ్లు, బ్యాండ్లు అంటున్నావు. నిజం చెప్పు, తాగుడు అలవాటైందా? ఇన్నాళ్లు అన్నం పెట్టిన పెద్ద వాద్యం ఉండగా ఈ కొత్త సోకేమిటి? మోయడానికి బరువంటావా! ఇరవై తొమ్మిదేళ్లవాడివి, అరవై నిండిన చెంచమ్మత్త నూలు మూటలు మోస్తోంది.

సాయంత్రం అన్నం తింటూ మీ బావే మాట ఎత్తాడు. "బొమ్మలో లోపల బోలు చూపించలేదేంటి? నిండు చెక్క ఎట్లా పలుకుద్ది? వీణక్కూడా కుండ ఉంటదిగా" అన్నాడు. "మరి చేస్తావా?" అన్నాను. "ముందు వాడి ఎడమచెయ్యి కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి పంపమను. పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడె చేసినా నేసేవాడి చెయ్యి చూసే చేస్తాను, ఇది మాత్రం గాల్లో చెయ్యమంటాడా?" అన్నాడు.

అది కోపమో కాదో నాకూ తెలీలేదు. తాగుడు సంగతి ముందు రాయి.

అక్క
రాఘవమ్మ

*

మద్రాసు
3 జూలై 1966

అక్కయ్యా,

తాగడం లేదు. ఒట్టు. హోటలు మెట్లెక్కింది ఆ వాద్యాన్ని కొలవడానికే.

బావగారి ప్రశ్నకి జవాబు: తీగ కింద ఒక అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగితీగ చుట్ట ఉంటాయి. ఉక్కుతీగ వణికినప్పుడు ఆ వణుకును చుట్ట పట్టుకుని స్పీకరు పెట్టెకి పంపిస్తుంది. మైకులో మాట వెళ్లినట్టే. అందుకని చెక్కకి బోలు అక్కర్లేదు, కదలకుండా గట్టిగా ఉంటే చాలు.

మెడ మీద వీణకున్నట్టే అడ్డంగా మెట్లుంటాయి, అవి ఎక్కడెక్కడ రావాలో లెక్క ఇది. తీగ మొత్తం పొడవును పద్ధెనిమిది భాగాలు చేసి, పైనుంచి ఒక భాగం దగ్గర మొదటి మెట్టు పెట్టాలి. మిగిలిన పొడవును మళ్లీ పద్ధెనిమిది చేసి ఒక భాగం దగ్గర రెండోది. అట్లా ఇరవై. కిందికి వచ్చేకొద్దీ దగ్గరవుతాయి. మెట్లకి తీగ నేను పంపుతాను.

ఎడమచెయ్యి గీత ఇందులో ఉంది.

ఈ మధ్య రికార్డింగులకన్నా నేను రాసుకునే పని ఎక్కువగా ఉంది. కంగారు పడకు.

నీ తమ్ముడు
పానకాలు

*

జాండ్రపేట
20 ఆగస్టు 1966

చిరంజీవి పానకాలుకు,

నిన్న రైలు పార్సిలులో మెడ వేశాం. రసీదు ఇందులో ఉంది, జాగ్రత్త.

నలభై రోజులు పట్టింది. పేరాలలో ఎవరో పాత మగ్గం ఊడదీస్తుంటే బట్ట చుట్టుకునే టేకు దోనె తెచ్చుకున్నాడు మీ బావ. ముప్ఫై ఏళ్లు లాగుడు తిన్న కర్ర ఇక వంగదట. పద్ధెనిమిదో భాగం లెక్క మాత్రం ఇద్దరం కలిసి చేశాం. నేను పలక మీద భాగించడం, ఆయన కర్ర మీద గీత పెట్టడం. అయిదో క్లాసు చదువు ఇన్నాళ్లకి అక్కరకొచ్చింది.

ఇంకో సంగతి. నీ చెయ్యి గీత చూసి మీ బావ ఏమన్నాడో తెలుసా? "ఇంత నిండు చెయ్యి ఉన్నోడికి పిల్లలు ఆడుకునే కొలత ఎందుకే? మనం శ్రమ పడతామని తగ్గించి అడిగాడు" అన్నాడు. అందుకని నువ్వు అడిగిన ముప్ఫై కాకుండా ఆ గోవా ఆయనకున్నట్టే ముప్ఫైనాలుగు అంగుళాలకి చేశాడు. మెడ కూడా నీ చేతినిండా వచ్చేట్టు ఉంచాడు. అది సానపెడుతున్నంతసేపూ కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. కాపురానికొచ్చాక ఆయన రాగం తీయడం ఇదే వినడం.

వెంటనే రాయి. ఆయన అడగడు గాని పోస్టుమాను వచ్చేవేళకి గుమ్మంలోనే ఉంటున్నాడు.

అక్క
రాఘవమ్మ

*

మద్రాసు
2 సెప్టెంబరు 1966

అక్కయ్యకు నమస్కారాలు.

మెడ చేరింది. చాలా బాగుంది. ఇంత నునుపు నేను విదేశీ వాద్యాల్లో కూడా చూడలేదు. కాని ఇక దీని మీద పని చెయ్యవద్దని బావగారికి చెప్పు. నాకు అక్కర్లేకుండా పోయింది. శ్రమ పెట్టినందుకు క్షమించమను.

పానకాలు

*

జాండ్రపేట
10 సెప్టెంబరు 1966

ఏరా,

నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నావా? అక్కర్లేకుండా పోయిందా?

ఆ కార్డు నేను దాచేద్దామనుకున్నాను. ఈలోపే చదివేశాడు. వాద్యం ఒంటికోసం పనస చెక్క కోయించి నీడలో ఆరబెట్టాడు, దాన్ని తీసుకెళ్లి గోడవారగా నిలబెట్టి పైన గోనె కప్పాడు. రెండు రోజులుగా ఎవరి మగ్గం బాగుచెయ్యమన్నా తర్వాత రమ్మంటున్నాడు.

మొదట మగ్గం, ఇప్పుడిది. రెండుసార్లు ఆ మనిషి చేత చేయించుకుని రెండుసార్లూ వదిలేశావు. నీకు నచ్చకపోతే ఎక్కడ నచ్చలేదో చెప్పాలి. అంత పెద్దవాడివైపోతే నాకు చెప్పొద్దు, ఆయనకి చెప్పు.

కోపంలో రాస్తున్నాను. అక్షరాలు కుదరడం లేదు.

రాఘవమ్మ

*

మద్రాసు
17 సెప్టెంబరు 1966

అక్కా,

నీ ఉత్తరం చదివాక ఇక దాచలేను. బావగారికి కూడా చదివి వినిపించు.

ఫిబ్రవరిలో రికార్డింగుకి వెళ్తూ వ్యానులోంచి డబుల్ బేస్ దించుతున్నాను. పెట్టె జారింది. ఆపబోతే నా ఎడమచెయ్యి దానికీ వ్యాను తలుపుకీ మధ్య పడి నలిగింది. వాద్యం పొట్ట పగిలింది. చెయ్యి అతికింది గాని చివరి రెండు వేళ్లు సగానికన్నా వంగడం లేదు, పట్టు లేదు. ఇంతేనన్నాడు డాక్టరు. పెద్ద బేస్ తీగ నొక్కడానికి ఆ రెండు వేళ్లూ కావాలి. ఫిబ్రవరి నుంచి నేను ఒక్క పాటకీ వాయించలేదు. ఆర్కెస్ట్రా వాళ్లకి స్వరాలు కాపీ రాసి పెడుతున్నాను. రాసుకునే పని అన్నది అదే.

మెడ సన్నగా, మెట్లు దగ్గరగా ఉంటే మిగిలిన రెండు వేళ్లతో నెట్టుకురావచ్చని ముప్ఫై అంగుళాలు అడిగాను. చెయ్యి గీసి పంపమన్నప్పుడు వంకర గీత చూసి నువ్వు ఏడుస్తావని కుడిచెయ్యి గీసి, కాగితం తిప్పి, వెనకనుంచి దిద్ది పంపాను. బావగారు ఆ అబద్ధపు చేతికి సరిగ్గా సరిపోయే మెడ చేశారు. అది చేతిలో పెట్టుకున్నాను. మొదటి మెట్టు మీద వేలు పెడితే మూడోది అందలేదు. ఇంకొకరి చెప్పుల్లో కాలు పెట్టినట్టుంది. తప్పు ఆయనది కాదు, ఆయన కొలత తప్పలేదు. నేనే తప్పు కొలత పంపాను.

ఆయన్ని మళ్లీ ఏ ముఖంతో అడగను?

పానకాలు

*

జాండ్రపేట
23 సెప్టెంబరు 1966

నా తండ్రీ,

ఏడుస్తానని దాచావు. ఇప్పుడు దాచినందుక్కూడా కలిపి ఏడ్చాను. ఏడు నెలలు ఒక్కడివే ఎట్లా ఉన్నావురా? గుండీలు ఎవరు పెడుతున్నారు? మీ ఫ్లూటాయన మంచివాడేనా?

ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. మధ్యలో ఆపమని చెయ్యి చూపించాడు, మళ్లీ మొదట్నుంచి చదవమన్నాడు. అంతా విని లేచెళ్లి పనస చెక్క మీద గోనె తీశాడు. "పిచ్చి ఎదవ. చెయ్యి బాగోపోతేనే గదా మనం చేసిపెట్టాల్సింది. బాగుంటే ఎవడు చేసిందైనా వాయిస్తాడు" అన్నాడు. ఆయన మాటలు ఆయన అన్నట్టే రాశాను.

మగ్గం సంగతి కూడా అడిగాను. ఇన్నేళ్లూ నువ్వు దాన్ని గుండెల మీద మోస్తున్నావని చెప్పాను. తెల్లబోయాడు. నువ్వెళ్లిన రెండో నెలలోనే దాన్ని చెంచమ్మత్త కొడుక్కి ఇచ్చేశాం కదరా, వాడు ఇప్పటికీ దాని మీదే నేస్తున్నాడు. నీకు చెప్పాలని మాకు తోచలేదు. "కోపమా? ఎందుకు? వాడు మగ్గం దగ్గర కూర్చున్నన్నాళ్లూ చెవులు భజనగుడి వైపే ఉండేయి, నాకు తెలీదా?" అన్నాడు. ఇంకా, "బావగారు బావగారు అని రాస్తాడేంటి, నేనేమన్నా తాసిల్దారునా? గారు తీసెయ్యమను" అన్నాడు.

ఇప్పుడు చెయ్యవలసింది విను. కాగితం మీద గీత వద్దట. దాన్లో వేలు ఎంత వంగుద్దో తెలీదట. కుమ్మరి మట్టి ముద్ద తీసుకుని, వాద్యం మెడ పట్టుకున్నట్టే ఎడమచేత్తో పట్టుకుని, ఒత్తగలిగినంత ఒత్తి, అట్లాగే ఆరబెట్టి పంపు. ఈసారి ఎడమచెయ్యే సుమా.

అక్క
రాఘవమ్మ

*

జాండ్రపేట
4 డిసెంబరు 1966

చిరంజీవి పానకాలుకు,

గాలివాన వల్ల రైళ్లు ఆగి ఈ ఉత్తరం ఆలస్యమైంది. మా కప్పు నిలిచింది, గుంటల్లోకి మాత్రం నీళ్లొచ్చాయి.

నీ మట్టిముద్ద వచ్చినప్పుడు రెండు ముక్కలై ఉంది. మైదాతో అతికించాను. బొటనవేలు, మొదటి రెండు వేళ్లు లోతుగా దిగి, ఆ పక్కన రెండు వేళ్లు మట్టిని తాకీ తాకనట్టు ఉన్నాయి. ఆ రెండు గుంటల్లో నా వేళ్లు పెట్టి చూశాను. అంతకన్నా ఏం రాయను?

మీ బావ దాన్ని ఎదురుగా పెట్టుకుని కొత్త మెడ చెక్కాడు. తీగ పొడవు ఇరవైతొమ్మిదిన్నర. వెనక వైపు గుండ్రంగా కాకుండా, నీ బొటనవేలు ఆనేచోట పల్లంగా, అరచెయ్యి తగిలేచోట నిండుగా ఉంచాడు. చివరి రెండు వేళ్లూ ఊరికే ఆనుకుని విశ్రాంతి తీసుకోవడానికి ఒక అంచు పెట్టాడు. అవి పని చెయ్యనక్కర్లేదట, అడ్డం రాకుండా ఉంటే చాలట. నీ పగిలిన బేస్ నుంచి పంపిన, తీగలు బిగించే బిరడాలు అరగదీసి బిగించాడు.

ఇక నా సంగతి. మైకు సెట్ల ఖాజావలిని ఎరుగుదువు కదా. పాత లౌడుస్పీకరు అయస్కాంతాలు, రేడియోలకి వాడే రాగితీగ ఆయనే తెచ్చాడు. తీగ తలవెంట్రుకకన్నా సన్నం. ఏడువేల చుట్లు చుట్టాలి. ఆయన చేత్తో చుడితే పదిసార్లు తెగింది. "ఇది నా వల్ల కాదమ్మా, నీ కండెల రాట్నం మీద చూస్తావా?" అన్నాడు. చూశాను. ముప్ఫై ఏళ్లుగా పేక నూలు కండెలకి చుడుతున్నాను, తెగబోయే ముందు దారం నా వేళ్లకి చెబుతుంది. రాగి వేరు. చెప్పా పెట్టకుండా పుటుక్కుమంటుంది. మొదటి చుట్ట సగంలో తెగింది. రెండోది పూర్తయింది గాని ఖాజావలి మీటరు పెడితే ముల్లు కదల్లేదు, లోపలెక్కడో విరిగింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. మూడోది మూడు పగళ్లు కూర్చుని చుట్టాను. వందకొక చింతగింజ పక్కన పెట్టుకుంటూ. వీధిలో ఆడవాళ్లందరికీ తెలుసు, ఎవరూ వచ్చి పలకరించలేదు. మీటరు పెడితే ముల్లు లేచింది. ఖాజావలి "అల్లా!" అని అరిచాడు. మీ బావ నా వైపు చూసి నవ్వాడు.

సోమవారం పార్సిలు వేస్తున్నాం.

అక్క
రాఘవమ్మ

*

మద్రాసు
19 ఫిబ్రవరి 1967

అక్కకు, బావకు నమస్కారాలు.

రెండు నెలలుగా కార్డుముక్కలే రాస్తున్నాను, ఎందుకంటే పొద్దున్నుంచీ సాధనే. రెండు వేళ్లతో నాలుగు వేళ్ల పని నేర్చుకోవడం నడక కొత్తగా నేర్చుకున్నట్టుంది. చెయ్యి నొప్పెట్టినప్పుడల్లా ఆ అంచు మీద వేళ్లు ఆన్చి కాసేపు ఆగుతాను. బావ ఆ అంచు ఎందుకు పెట్టాడో అప్పుడు తెలుస్తుంది.

నిన్న పాటకి పిలిచారు. కాపీ రాసేవాడు వాయిస్తాడట అని ఒకరిద్దరు నవ్వారు. మ్యూజిక్ మాస్టరుగారు రిహార్సలు రెండుసార్లు చేయించి, మూడోసారి మధ్యలో ఆపారు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. "ఆ కింద నడుస్తున్నది ఎవరిది?" అన్నారు. చెయ్యెత్తాను. "దాన్ని కొంచెం పైకి తీసుకురండయ్యా. పాటకి నేల దొరికింది" అని రికార్డు చేసే ఆయనకి చెప్పారు. అంతే. పాట పూర్తయింది. వచ్చే వారం ఇంకో రెండున్నాయి, రమ్మన్నారు.

తర్వాత అందరూ చుట్టూ చేరారు. ఏ దేశానిదని అడిగారు. "చీరాలది. మగ్గాలు చేసే మా బావ చేశాడు, కండెలు చుట్టే మా అక్క తీగ చుట్టింది, మైకు సెట్ల ఖాజావలి గారు అయస్కాంతం పెట్టారు" అన్నాను. మాస్టరుగారు వాద్యం తిరగేసి మెడ వెనక చెయ్యి వేసి చూసి, "ఇది నా చేతికి కుదరదు. నీ ఒక్కడికే కుదురుతుంది" అన్నారు.

అక్కా, మీకు థాంక్స్ అని రాసి కొట్టేశాను, కనపడుతూనే ఉంటుంది. ఆ మాట చాలదు. ఇంకో మాట నాకు తెలీదు. ఏప్రిల్లో వాద్యం తీసుకుని వస్తాను. మీ ముందు వాయిస్తాను.

మీ
పానకాలు

*

జాండ్రపేట
28 ఏప్రిల్ 1967

చిరంజీవి పానకాలుకు,

నువ్వు చేరినట్టు కార్డు అందింది. నువ్వెళ్లాక ఇల్లు చప్పబడిపోయింది. ఎండలు మండిపోతున్నాయి, మధ్యాహ్నం మగ్గాలన్నీ ఆపేస్తున్నారు.

ఆ రోజు నీ వాయింపు గురించి వీధిలో ఇంకా మాట్లాడుకుంటున్నారు. చెంచమ్మత్త మొదట్లో "ఇదేంటి, దుమ్ము దుమ్మనడమేగాని పాటేదీ?" అందని నువ్వు చిన్నబుచ్చుకున్నావేమో. తర్వాత ఆడవాళ్లం భజన ఎత్తుకుంటే నువ్వు కిందనుంచి అందుకున్నావు చూడు, అప్పట్నుంచి మాట మార్చింది. "ఎప్పుడూ చివర్లో నా గొంతు జారిపోద్ది, ఆ పూట ఎవరో చెయ్యి పట్టుకున్నట్టుంది" అంటోంది. ఖాజావలి ఆ పూట నీ వాద్యానికి తగిలించిన స్పీకరు ఇంకెవరికీ అద్దెకివ్వనని దుకాణంలో పైన పెట్టుకున్నాడు.

థాంక్స్ అని రాసి కొట్టేశానన్నావు. మంచి పని చేశావు. నువ్వు అడగబట్టి కదా నేను రాగితీగ చుట్టింది, మీ బావ కూనిరాగం తీసింది. నువ్వు అడక్కుండా మద్రాసులో కాగితాలు రాసుకుంటూ ఉండిపోయి ఉంటే మాకు ఏం తెలిసేది? అడిగినందుకు మేమే నీకు రుణపడి ఉన్నాం.

నిన్ను రైలెక్కించి వస్తూ దారిలో మీ బావని అడిగాను.

"ఏమయ్యా, ఎట్లా ఉంది వాడి వాయింపు?"

"పాట సంగతి నాకేం తెలుసే" అన్నాడు.

"మరి అంతసేపు రెప్ప వెయ్యకుండా ఏం చూశావు?"

భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. తర్వాత అన్నాడు: "వాడి కళ్లు చూశాను. గంటసేపు వాయించాడా? మనల్ని చూశాడు, చెంచమ్మత్తని చూసి నవ్వాడు, వీధిలో పోయే బండిని చూశాడు. ఎడమచెయ్యి వైపు ఒక్కసారీ చూసుకోలేదు. నేసేవాడు నాడె వైపు చూడట్లేదంటే మగ్గం వాడికి కుదిరినట్టే."

ఆ మాట అని తువ్వాలు నెత్తిన వేసుకుని గబగబా ముందుకు నడిచాడు. నన్ను ఆయన మొహం చూడనివ్వలేదు. నేనూ చూడాలని తొందరపడలేదు.

వేళకి తిను. చేతికి నూనె రాసుకో.

అక్క
రాఘవమ్మ